క్లెప్ (CLEP, క్లాసులో కూర్చోకుండా పరీక్ష పాసై కాలేజీ క్రెడిట్లు సంపాదించే పద్ధతి) రాసి క్రెడిట్లు తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?

మేముండేది టెక్సాస్‌లో, మా అమ్మాయి ఈ ఫాల్‌లో యూనివర్సిటీలో చేరుతోంది. కాలేజ్ బోర్డు క్లెప్ పరీక్షలో 80కి 50 వస్తే చాలా కాలేజీలు సబ్జెక్టుకి 3 క్రెడిట్లు ఇస్తాయి, మోడరన్ స్టేట్స్ అనే ఆన్‌లైన్ సైట్‌లో ఉచితంగా కోర్సు పూర్తి చేస్తే ఫీజుకి వోచర్ కూడా ఇస్తారు, అంతవరకు బాగానే ఉంది. సైకాలజీ ప్రాక్టీస్ టెస్టయితే సోఫాలో పడుకునే రాసి గట్టెక్కేసింది! నా టెన్షనల్లా కాలిక్యులస్ గురించే. తనకేమో మెడిసిన్ మీద మనసు. గ్రేడు లేకుండా పరీక్షతో వచ్చిన ఈ క్రెడిట్లను మెడికల్ స్కూళ్లు ఒప్పుకుంటాయా? హిస్టరీ, సైకాలజీ ఇలా కానిచ్చేసి, లెక్కలు మాత్రం క్లాసులో కూర్చుని చదవమంటే మేలా? పరీక్ష తప్పితే మళ్లీ రాయడానికి 3 నెలలు ఆగాలి, ఈలోపు సెమిస్టర్ మొదలైపోతుంది. పిల్లల చేత రాయించినవాళ్లు కాస్త చెప్పండి, ప్లీజ్.