గ్రీకు దీవిలో కాపురం: ఏడాదంతా ఉండేవాళ్లకు నిజంగా నచ్చేదేంది?

ఒంగోలు_ట్రంకురోడ్డు:

అందరికీ నమస్కారం. మా చెల్లెలూ వాళ్లాయనా సెప్టెంబరులో నక్సోస్ దీవికి మకాం మారుస్తుండారు. ఇద్దరివీ ఇండియా కంపెనీలే, ఇంట్లో కూర్చుని చేసే పని. కనీసం ఒక ఏడాది ఉంటారు. కొత్తపట్నం ఒడ్డున పెరిగినోళ్లకు సముద్రం కొత్తేం కాదు. వీడియోలు చూస్తే తెల్లగోడలూ నీలం గుమ్మటాలూ తప్ప ఇంకేం కనపడవు. నాక్కావాల్సింది వేరే. అక్కడ పన్నెండు నెలలూ ఉండేవాళ్లు రోజువారీ బతుకులో దేన్ని చూసి బాగుందనుకుంటారు, అది దక్కాలంటే ఏం చేసుకోవాలి, ఎక్కడ దెబ్బ తింటారు? గాలి, నీళ్లు, ఇల్లు, తిండి, ఏదైనా చెప్పండి. మా అమ్మ ప్రశ్న ఒకటే: పులుసు కాచుకోవడం కుదురుతుందా లేదా.

గాలివాటం:

మొదటి మార్కు గాలికే వేస్తారు, తిట్టేదీ దాన్నే. జులై, ఆగస్టుల్లో ఉత్తరం నుంచి పొడిగాలి వీస్తుంది, మెల్టెమి అంటారు. గ్రీసుకు ఉత్తరాన ఉన్న బాల్కన్ దేశాల మీద అధిక పీడనం, టర్కీ మీద అల్పపీడనం, ఆ రెంటి మధ్య సందులో నక్సోస్ ఉన్న ఈజియన్ సముద్రం. టర్కీ మీది అల్పపీడనం మన నైరుతి రుతుపవనాలను లాగే అల్పపీడనానికి కొనసాగింపే. అంటే మైపాడులో మబ్బు పట్టడానికీ నక్సోస్‌లో తలుపు కొట్టుకోవడానికీ చుట్టరికం ఉన్నట్టే. మన రోహిణీ కార్తె వడగాలిలా కాల్చదు, మన తీరపు ఉక్కలా ఒళ్లు జిడ్డుగానూ చెయ్యదు. ఉత్తరం వైపు కిటికీ, దానికి ఎదురుగా దక్షిణం వైపు ఇంకొకటి ఉన్న ఇల్లు చూసుకుంటే ఏసీ అవసరం చాలా మటుకు తప్పుతుంది. కిటికీలకు చెక్క తలుపులూ, వాటిని గోడకు బిగించే కొక్కేలూ ఉన్నాయో లేదో అద్దెకు ముందే చూడమనండి. కొక్కెం లేని తలుపు ఒక్క రాత్రిలో విరుగుతుంది.

ఈతకు వెళ్లేవాళ్లకు సూత్రం: ఉత్తరగాలి రోజున దక్షిణపు ఒడ్డు. నీళ్లు ఆగస్టులో 24, 25 డిగ్రీలుంటాయి, అక్టోబరులో కూడా ఈతకు దిగొచ్చు. మేలో గాలి వెచ్చగా ఉన్నా నీళ్లు ఇంకా చల్లగానే ఉంటాయి, అక్కడ మోసపోతారు.

ఇక పడవలు. గాలి బలాన్ని అక్కడ బొఫోర్లలో చెబుతారు, సున్నా నుంచి 12 దాకా ఉండే కొలత అది. 8 బొఫోర్లు చేరితే మామూలుగా పెద్ద పడవలక్కూడా రేవు అధికారులు నిషేధం పెడతారు, స్పీడు పడవలు అంతకంటే ముందే ఆగిపోతాయి. ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవు నుంచి నక్సోస్‌కు పెద్ద పడవలో 5 గంటల పైచిలుకు, స్పీడు పడవలో నాలుగు గంటల లోపు. టికెట్ ధర ఎక్కువ పెట్టి స్పీడుది కొంటే ముందు రద్దయ్యేదీ అదే. ఏథెన్స్‌లో విమానం ఎక్కాలంటే ఒక రోజు ముందే దీవి దాటాలి, చలికాలంలో రెండు రోజులు. నిషేధం రెండు మూడు రోజులు సాగితే అంగట్లో పాలు, కూరగాయలు ఖాళీ అవుతాయి. అందుకే వారానికి సరిపడా సరుకు ఇంట్లో ఉంచుకోవాలి. మందులైతే నెలకు. దీవిలో నివాసం ఉన్నట్టు నమోదైన వాళ్లకు 2018 నుంచి ప్రభుత్వం పడవ ఛార్జీలో కొంత తిరిగి ఇచ్చే పథకం ఉంది, మెతఫొరికో ఇసొదినమో అంటారు. పేరు పలకలేక వదిలేసుకోవద్దు.

సున్నపుబట్టి:

ఇల్లు గురించి చెబుతా, ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

ముందు ఒప్పందం. ఆ దీవుల్లో అక్టోబరు నుంచి మే దాకా ఇల్లిచ్చి, జూన్ రాగానే పర్యాటకుల కోసం ఖాళీ చెయ్యమనే యజమానులు ఎక్కువ. టీచర్లకూ డాక్టర్లకూ కూడా ఇదే గోల. ప్రధాన నివాసంగా అద్దెకిస్తే చట్టం ప్రకారం ఒప్పందం కనీసం 3 ఏళ్లు. అది పన్నుల శాఖ ఆన్‌లైన్‌లో నమోదు కావాలి, అందుకు ఏఎఫ్‌ఎం అనే పన్ను నంబరు ముందే తీసుకోవాలి. కరెంటు కనెక్షనుకైనా ఆ నంబరే. నోటిమాట మీద దిగితే మేలో సామాను వీధిలో ఉంటుంది.

నీళ్లు. ఆ దీవుల్లో ఏడాది వాన 400 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే, అదీ అక్టోబరు నుంచి మార్చి లోపు. నెల్లూరులో వెయ్యి దాటుతుంది. అందుకే పాత ఇళ్ల కింద స్తెర్నా అనే తొట్టి ఉంటుంది, డాబా మీద పడ్డ వాన అందులోకి దిగుతుంది. లెక్క సులువు: చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. 60 చదరపు మీటర్ల డాబా మీద 350 మిల్లీమీటర్లు పడితే 21 వేల లీటర్లు, పోయింది పోగా 16, 17 వేలు మిగులుతాయి. వేసవంతా పట్టిన దుమ్మూ పక్షి రెట్టా కొట్టుకొచ్చే మొదటి వానను మాత్రం లోపలికి పోనివ్వకూడదు, గొట్టం పక్కకు మళ్లించాలి. ఈ నీళ్లు మొక్కలకూ కడుక్కోవడానికీ బ్రహ్మాండంగా ఉంటాయి. కొళాయి నీళ్లు చాలాచోట్ల కాస్త ఉప్పగా ఉంటాయి, తాగడానికి లీటరున్నర సీసాలు ఆరేసి కట్ట కొంటారు. కనిగిరి వైపు వాళ్లకు ఈ అలవాటు నేర్పక్కర్లేదు. మరుగుదొడ్డి గొట్టాలు సన్నం, కాగితం పక్కన డబ్బాలోనే వెయ్యాలి. మన పద్ధతిలో నీళ్లు వాడేవాళ్లకు ఇది బాధే కాదు.

వెల్ల. ఈస్టరు ముందు ఊరంతా సున్నం కొడుతుంది, మనకు సంక్రాంతి ముందు లాగా. పులికాట్ గుల్లసున్నం చూసినోళ్లకు పని తెలిసిందే, తేడా ఎండలో ఉంది. బాగా నానిన సున్నం ముద్ద ఒక వంతుకు మూడు వంతుల నీళ్లు, పాలంత పల్చగా కలిపి గుడ్డలో వడకట్టాలి. గోడను ముందు తడపాలి. కొట్టేటప్పుడు గోడ కనపడుతూనే ఉంటుంది, ఆరాకే తెలుపు తేలుతుంది. అది తెలియక చిక్కగా పూస్తారు, అది పగిలి పెచ్చులూడుతుంది. మూడు పల్చని పూతలు, పూతకూ పూతకూ ఒక రోజు. ఎండలో, మెల్టెమి గాలిలో కొడితే గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని గట్టిపడేలోపే ఎండిపోతుంది, చెయ్యి పెడితే పొడి అంటుకుంటుంది. సాయంత్రం మొదలుపెట్టండి. కళ్లద్దాలు తప్పనిసరి, కంట్లో పడితే చూపుకే ప్రమాదం.

రాతిగోడలకు ప్లాస్టిక్ పెయింటు వద్దే వద్దు. గోడలోని చెమ్మ బయటికి రాలేక, ఉప్పు పొంగి పెయింటుతో సహా ఊడొస్తుంది. చలికాలం ఇళ్లు బయటి కంటే లోపలే చల్లగా అనిపిస్తాయి, బీరువా వెనక బూజు పడుతుంది. బీరువాను గోడకు జానెడు ఎడంగా పెట్టి, చెమ్మ పీల్చే మిషను ఒకటి కొనుక్కోవాలి. హీటరు కంటే ముందు అది.

నెత్తళ్లపులుసు:

అమ్మగారికి చెప్పండి, నిక్షేపంగా కుదురుతుంది. చింతపండు మాత్రం ఇక్కడినుంచే పోవాలి. దీవుల్లో దొరకదని అనుకోవడమే మంచిది. ఏథెన్స్‌లో మెనాండ్రూ వీధి వైపు మన ఉపఖండపు అంగళ్లు ఉన్నాయి, అక్కడ దొరుకుతుంది. మామిడికాయ ముక్క లేని నెల్లూరు పులుసు ఏం పులుసని అడిగేవాళ్లు ఒరుగులు కూడా పెట్టుకోండి.

చేపల్లో గావ్రోస్ అంటే నెత్తళ్లే, సర్దేలా అంటే కవళ్ల జాతి, కేఫలోస్ అంటే మన కత్తిపరిగ. కొరమీను ఆశ వదులుకోవాలి. గావ్రోస్ తలను రెండు వేళ్లతో నొక్కి లాగితే పేగు దానితోనే వస్తుంది, కత్తి అక్కర్లేదు. ఇది మెత్తటి చేప, కాబట్టి పులుసు ముందే పావుగంట మరగనిచ్చి, ముక్కలు వేశాక 5 నిమిషాలకు మించకూడదు. గరిటె పెట్టకుండా గిన్నెను పట్టి తిప్పాలి. పొద్దున్నే రేవులో చెక్కపడవల దగ్గర కొంటే తాజాది. గాలి రోజు పడవ పోదు, చేప ఉండదు, ఉన్నా ధర మండుతుంది. హోటల్లో అయితే మెనూలో పేరు పక్కన చుక్క గుర్తు చూడండి, తాజాది కాకుండా గడ్డకట్టించి నిల్వ చేసిన చేప అయితే అలా రాస్తారు.

నా లెక్కలో అసలు సంబరం ఆకుకూరలు. వేసవిలో అమ్మే వ్లీతా మన తోటకూర జాతే. గ్లిస్త్రీదా అంటే పావిలికూర, అక్కడ పచ్చిగానే టమాటాలో కలుపుతారు. పప్పులో వేస్తే తేడా కనిపెట్టలేరు. మొదటి వానలు పడ్డాక కొండల మీద మొలిచే ఆకులన్నిటినీ కలిపి హోర్తా అంటారు, ముసలమ్మలు కత్తీ సంచీ పట్టుకుని బయల్దేరతారు. తెలిసినవాళ్ల వెంట పోకుండా సొంతంగా ఏరకూడదు, విషపు మొక్కలూ ఉంటాయి.

పప్పు కావాలంటే ఫావా. పేరు చూసి చిక్కుడు గింజ అనుకోవద్దు, పసుపు రంగు బద్దలు. సాంటోరినిది అసలైనది, కేసరి పప్పుకు దగ్గరి చుట్టం. మిగతాచోట్ల ఆ పేరుతో మామూలు బఠాణీ బద్దలే ఎక్కువ అమ్ముతారు. గ్లాసుకు మూడు గ్లాసుల నీళ్లు, ఉల్లిపాయ వేసి, నురగ తీసేసి, సన్నమంట మీద 45 నిమిషాలు. కలిపితే అడుగంటుతుంది. వాళ్లు పైన ఆలివ్ నూనె, పచ్చి ఉల్లి, నిమ్మకాయ పిండుతారు. ఇంగువ పోపు పెట్టుకుంటే ఎవరూ కేసు పెట్టరు.

గోడల సందుల్లో కాపరి అనే పొద ఉంటుంది, ఇంగ్లీషులో కేపర్ అంటారు. మే, జూన్‌లో పొద్దున్నే మొగ్గలు కోయాలి, చిన్నవే మేలు. పువ్వు విచ్చితే పనికిరాదు. వారం పాటు రోజూ నీళ్లు మార్చితే చేదు పోతుంది, తర్వాత లీటరు నీళ్లకు 100 గ్రాముల ఉప్పు, కాస్త వెనిగరు. పెరుగన్నంలోకి మన మజ్జిగ మిరపకాయకు పోటీ వస్తుంది.

మూడింటి_కునుకు:

పై ముగ్గురూ పని చెప్పారు, నేను పని మానడం గురించి చెబుతా. మధ్యాహ్నం గోల చెయ్యకూడదని అక్కడ చట్టమే ఉంది: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా 3 నుంచి 5:30 వరకు, చలికాలంలో 3:30 నుంచి 5:30 వరకు. గోడకు డ్రిల్లింగు పెడితే పక్కింటాయన పోలీసులకు ఫోను చెయ్యొచ్చు.

ఇండియా కంపెనీలో పనిచేసేవాళ్లకు ఇది బంగారం. మన ఉదయం 9:30 అంటే అక్కడ వేసవిలో 7, చలికాలంలో 6. మన 6:30కు పని ముగిస్తే వేసవిలో అక్కడ ఇంకా 4 గంటలే. ఒక కునుకు తీసి సముద్రంలో దిగి వచ్చినా చీకటి పడదు. కాకపోతే చలికాలం 6కు లేవడం, చల్లటి రాతి ఇంట్లో... ఆ చెమ్మ పీల్చే మిషను సలహా మర్చిపోకండి.

వీసా సంగతి ఎవరూ ఎత్తలేదు. టూరిస్టు వీసా మీద 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండకూడదు. బయటి దేశపు కంపెనీలకు పనిచేసేవాళ్లకు డిజిటల్ నోమాడ్ వీసా ఉంది. నెలకు చేతికొచ్చే ఆదాయం 3,500 యూరోలు చూపాలి, భార్యో భర్తో తోడుంటే 20 శాతం అదనం, ఒక్కో బిడ్డకు 15 శాతం.

ఆగస్టు 15 వాళ్లకు మేరీమాత పండగ. పక్కనున్న టీనోస్ దీవి గుడికి రేవు నుంచి మోకాళ్ల మీద మొక్కు తీర్చుకుంటూ పోతారు. రొట్టెల పండగ రోజుల్లో నెల్లూరు చెరువు కట్ట చూసినోళ్లకు ఆ జనం కొత్తగా అనిపించదు. ఆ వారం పడవ టికెట్లు నెలల ముందే కొనాలి.

ఒంగోలు_ట్రంకురోడ్డు:

అందరికీ దణ్ణాలు. అమ్మ ఒరుగులు ఎండబెట్టడం మొదలుపెట్టింది. ఇంకొక్కటి: ఆవకాయ, నెయ్యి, ఎండు చేపలు పెట్టెలో పెట్టొచ్చా?

నెత్తళ్లపులుసు:

నెయ్యి వద్దు. ఐరోపా బయటినుంచి పాల పదార్థాలూ మాంసమూ తీసుకుపోనివ్వరు, దొరికితే పారేస్తారు. చేపలకు మాత్రం మనిషికి 20 కిలోల దాకా అనుమతి ఉంది, ఎండువి కూడా అందులోకే. ఆవకాయకు ఇబ్బంది లేదు, మూత మీద టేపు చుట్టి రెండు కవర్లలో పెట్టండి, నూనె కారితే ఆ పెట్టె ఇంక దేనికీ పనికిరాదు. పచ్చి మామిడికాయలు, కరివేపాకు వద్దు, వాటికి చీడపీడలు లేవనే ధ్రువపత్రం అడుగుతారు. నెయ్యికి అక్కడ వెన్న కొని కాచుకోవడమే. ఉప్పు లేని వెన్న అని అడిగి మరీ కొనమనండి.