మందు వాడినా నెల తిరగకుండా మళ్లీ అదే జబ్బు. పొరపాటు ఎక్కడ?

కొత్త కౌన్సెలర్ (ప్రశ్న)

నమస్కారం. సెక్స్ వర్కర్ల మధ్య పనిచేసే ఒక టీఐ (హెచ్‌ఐవీ నివారణ) ప్రాజెక్టులో కౌన్సెలర్‌గా చేరి నాలుగు నెలలైంది. హైవే పక్కన చిన్న పట్టణం మాది. నిరోధ్‌ల లెక్క రిజిస్టరులో బ్రహ్మాండంగా ఉంది. ఎవరిని అడిగినా "ప్రతిసారీ వాడుతున్నాం మేడం" అంటారు. అయినా ఒకామెకు మూడు నెలల్లో రెండుసార్లు బూడిదరంగు కిట్టు (సుఖవ్యాధి మాత్రల పొట్లం) ఇచ్చాం, నిన్న మళ్లీ వచ్చింది. మూడు నెలలకోసారి చేయించుకోవలసిన పరీక్షకైతే బాధ ఉంటే తప్ప ఎవరూ రారు. "నాకేమీ లేదు కదా" అంటారు. వీళ్లు అబద్ధం చెబుతున్నారా? మందే పనిచేయడం లేదా?

పాత పీర్

మీరు నాకన్నా చిన్నవారై ఉంటారు కనుక అమ్మా అనే పిలుస్తాను. పన్నెండేళ్లు పీర్ ఎడ్యుకేటర్‌గా, అంటే తోటివాళ్లకు ఆరోగ్యం గురించి చెప్పే మనిషిగా చేశాను, అంతకుముందు నుంచీ ఈ వృత్తిలోనే ఉన్నాను.

ఆమె అబద్ధం చెప్పలేదమ్మా. మీరు కస్టమర్ల గురించి అడిగారు, ఆమె కస్టమర్ల గురించే చెప్పింది. ఇంటి మనిషి కస్టమరు కాడు కదా!

నాకూ ఒకడుండేవాడు, లారీ క్లీనరు. ఆదివారం కోడికూర తెచ్చేవాడు. ఒక ఏడాది మా అబ్బాయి బడి ఫీజు కూడా కట్టాడు. నిరోధ్ చేతికిస్తే "నన్నూ వాళ్లలో కలిపేశావా?" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆరేళ్లు నోరెత్తలేదు. నా కిట్టు నేను వేసుకునేదాన్ని, అతని కోసం ఇచ్చిన కిట్టు లారీ సీటు కింద పడి ఉండేది. నెల లోపే మళ్లీ పొత్తికడుపులో నొప్పి. చివరికి ఒక అబద్ధం ఆడాను. "గర్భసంచిలో పుండు ఉందట, ఇద్దరూ మాత్రలు వేసుకోవాలట, తొడుగు లేకుండా దగ్గరకు రావద్దని డాక్టరమ్మ చెప్పింది" అన్నాను. తప్పు అతని మీద పెట్టలేదు, నా మీద వేసుకోలేదు. నీళ్ల గ్లాసు నేనే పట్టుకుని, నా ఎదుటే మింగించాను.

ఇక పరీక్ష సంగతి. మీ క్లినిక్ ఎన్ని గంటలకు? ఉదయం పదకొండుకైతే రాత్రి పని చేసినవాళ్లు నిద్రలో ఉంటారు. మా దగ్గర మధ్యాహ్నం మూడున్నరకు మార్పించాక జనం కదిలారు. లోపల పెట్టి చూసే ఆ ఇనుప పరికరమంటే ఇంకో భయం. మా నర్సమ్మ దాన్ని గోరువెచ్చని నీళ్లలో తడిపి, ముందు మన చేతికి తాకించి చూపేది. అంతే, కాళ్లు బిగబట్టడం మానేశారు.

రిజిస్టరు పక్కన పెట్టి, అనుమతి అడిగి పర్సు చూడండి. జాకెట్టులో పెట్టుకుంటే వేడికి, చెమటకు నిరోధ్ పాడవుతుంది. ప్యాకెట్టు నొక్కితే లోపల గాలి బుడగ తగలాలి, లేకపోతే పారేయాలి. కొబ్బరినూనె రాస్తే చిరుగుతుంది. భద్రమని రెండు తొడిగినా అంతే. డెట్టాల్‌తో లోపల కడుక్కునే అలవాటు ఉందేమో కూడా అడగండి. నేను చేశాను ఆ తెలివితక్కువ పని.

జిల్లా ఆసుపత్రి డాక్టరు

"డాక్టరమ్మ చెప్పింది" అన్న మాట నిరభ్యంతరంగా నా మీద పెట్టి చెప్పండి, ఇంకెన్నిసార్లయినా!

బూడిదరంగు కిట్టులో అజిత్రోమైసిన్ 1 గ్రాము, సెఫిక్సిమ్ 400 మిల్లీగ్రాములు ఉంటాయి. భాగస్వామికీ అదే ఇవ్వాలి. ఇద్దరూ వేసుకున్నాక 7 రోజులు కలయిక వద్దు. ఇద్దరూ ఇలా వాడినా తిరిగి వస్తే మళ్లీ అదే కిట్టు ఇవ్వకుండా సురక్ష క్లినిక్‌కు (ప్రభుత్వ సుఖవ్యాధుల క్లినిక్) పంపి స్వాబ్ పరీక్ష (లోపలి స్రావం తీసి చూసేది) చేయించండి. సెగవ్యాధి (గనేరియా) మందులకు లొంగకపోవడం ఇప్పుడు అరుదేమీ కాదు.

"నాకేమీ లేదు" అన్న మాటను నమ్మకండి. ఆడవాళ్లలో సెగ, క్లమీడియా అనే ఇంకో సుఖవ్యాధి చాలావరకు ఏ లక్షణమూ లేకుండానే ఉంటాయి. సవాయి (సిఫిలిస్) ఇంకా మాయలమారి. దాని పుండు నొప్పి పెట్టదు, మందు లేకుండానే మానుతుంది, జబ్బు మాత్రం రక్తంలో నిలిచిపోతుంది. అందుకే 6 నెలలకోసారి హెచ్‌ఐవీతో పాటు సిఫిలిస్ రక్తపరీక్ష. ఎప్పుడైనా నిరోధ్ చిరిగితే వెంటనే ఏఆర్‌టీ సెంటరుకు (హెచ్‌ఐవీ మందులిచ్చే చోటు) పంపండి. హెచ్‌ఐవీ రాకుండా వాడే మందు 72 గంటల లోపు మొదలుపెట్టి 28 రోజులు వేసుకోవాలి.

వకీలు

పర్సు మాట వచ్చింది కనుక ఒకటి. మా వైపు చాలామంది మూడుకు మించి నిరోధ్‌లు వెంట ఉంచుకోరు, పోలీసులు అవే సాక్ష్యమంటారని భయం. 2022 మే 19న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులో, ఆరోగ్య రక్షణ కోసం కండోమ్ వాడటాన్ని నేరంగా గానీ నేరానికి సాక్ష్యంగా గానీ చూడకూడదని ఉంది. దాని తెలుగు ప్రతి ఒకటి స్టేషనులో ఇచ్చి రండి. వెళ్లేటప్పుడు ప్రాజెక్టు మేనేజరును వెంట తీసుకెళ్లండి, ఒంటరిగా వద్దు.

కొత్త కౌన్సెలర్

పాత పీర్ గారూ, ఇవాళ ఆమెను కస్టమర్ల గురించి అడగలేదు. "రాత్రి అన్నం ఎంతమందికి వండుతావు?" అన్నాను. కాసేపు నేల చూసి, "ముగ్గురికి" అంది. ఒకరు ఆమె, ఒకరు కూతురు. రెండు కిట్లు తీసుకెళ్లింది. డాక్టరమ్మ ఏమందని చెప్పాలో మూడుసార్లు నాతో చెప్పించుకుంది.