డైల్యూషన్‌ని "పలచన" అంటే సరిపోతుందా? మరి పల్చగా ట్రేడయ్యే షేర్‌ని ఏమనాలి?

అందరికీ నమస్కారం. మా నాన్న దగ్గర ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ షేర్లు వెయ్యి ఉన్నాయి, మొన్న ఆ కంపెనీ వాళ్ళు ప్రమోటర్లకి (అంటే కంపెనీని నడిపించే అసలు యజమానులకి) వారెంట్లు (ముందే ఖరారైన రేటుకి తర్వాత కొత్త షేర్లు తీసుకునే హక్కు) ఇస్తాం ఓటెయ్యండి అని నోటీసు పంపారు. నోటీసంతా ఇంగ్లీషే. డైల్యూషన్ అంటే ఏంట్రా అని అడిగితే "మీ వాటా పలచనవుతుంది నాన్నా" అన్నాను, "మజ్జిగలో నీళ్ళు పోసినట్టా" అని వెంటనే పట్టేసుకున్నారు. అక్కడిదాకా బాగానే ఉంది. కాసేపాగి "మరి పోయిన నెల నువ్వే ఈ షేర్ చాలా పల్చగా ట్రేడవుతుంది అన్నావు కదా, అప్పటికే పలచనైపోయిందా?" అన్నారు. నాకు జవాబు రాలేదు.

చూస్తే ఈ రెండూ ఎదురెదురు విషయాలు. కంపెనీకి మొత్తం 1 కోటి షేర్లు అనుకోండి, నాన్నవి 1,000 అంటే 0.01 శాతం. కొత్తగా 25 లక్షల షేర్లు పుడితే అదే 0.008 శాతం అవుతుంది. ఇక్కడ షేర్లు ఎక్కువవడం వల్ల పలచన. రెండోది, ఆ కోటిలో 70 లక్షలు ప్రమోటర్ల దగ్గర, ఇంకో 20 లక్షలు లాకిన్లోనో (కొన్నాళ్ళు అమ్మకూడదనే కట్టుబాటు) ఎప్పుడూ అమ్మని వాళ్ళ దగ్గరో ఉంటే, నిజంగా బజార్లో తిరిగేవి 10 లక్షలే. ఇక్కడ షేర్లు తక్కువవడం వల్ల పల్చన. ఒకే మాట రెండిటికీ వాడితే నాన్నలాంటి వాళ్ళు తికమకపడక ఏం చేస్తారు, మీరంతా ఏమంటారో చెప్పండి.

---

మంచి ప్రశ్న బాబూ. పలచన అనే మాట డైల్యూషన్‌కే ఉంచెయ్యండి, దానికింత బాగా కుదిరే మాట ఇంకోటి లేదు. ఎందుకంటే మనం "నలుగురిలో పలచనైపోయాడు" అంటాం కదా, మనిషి అక్కడే ఉన్నాడు, విలువ తగ్గింది. షేర్ కూడా అంతే, మీ వెయ్యి షేర్లూ మీ దగ్గరే ఉన్నాయి.

ఇంకోటి కూడా చెప్తా. వాటా అన్న మాట మరాఠీలోనూ ఉంది, మనకి దానికన్నా సొంతమైన మాట "పాలు". రెండు పాళ్ళు బియ్యం, ఒక పాలు పప్పు అంటాం, పాలుపంచుకోవడం అంటాం. తాగే పాలకి పాళ్ళు అనే రూపం లేదు, వాటాకే ఉంది. కానీ పాలు పలచనవడం అనే మాట రెండిటికీ సరిపోవడం చూడండి, నాకు భలే ముచ్చటేస్తుంది.

---

మా దిక్కు దాయాదుల్ని పాలోళ్ళు అనే అంటాం సార్, ఆస్తిలో పాలు ఉన్నోళ్ళు అని. కానీ ఒక్క మాట, కొత్త షేర్లు ఇచ్చిన ప్రతిసారీ నీళ్ళు పోసినట్టు కాదు. అసలు విలువ కన్నా తక్కువ రేటుకి ఇస్తే నీళ్ళు, సరైన రేటుకి ఇచ్చి ఆ డబ్బు కంపెనీలోకి వస్తే అవి పాలే, ఓటు బలం తగ్గుద్ది తప్ప విలువ పలచనవదు. వారెంట్లైతే ముందు 25 శాతమే కట్టి మిగతాది 18 నెలల్లోపు కట్టొచ్చు, రేటు పెరిగితే కడతారు, పడితే ఆ 25 శాతం వదిలేసుకుంటారు. అందుకే అంకుల్‌ని రేటు చూడమనండి. ఇంక బోనస్ (ఉన్నోళ్ళకి ఊరికే ఇచ్చే షేర్లు), స్ప్లిట్ (ఒక షేర్‌ని ముక్కలు చేయడం)ని పలచన అననే కూడదు, ముఖ విలువ 10 నుంచి 2 చేస్తే ఒక షేర్ ఐదవుతుంది, రేటు ఐదో వంతవుతుంది, కంపెనీలో మీ పాలు మారదు. చిన్న ఐటీ షేర్లలో "చవకైంది" అని ఎగబడేది అక్కడే, చూస్తే నాకు బాధనిపిస్తది.

---

నేను ట్రేడింగ్ చేస్తాను, రెండోదానికి మేం వాడే మాటలు చెప్తా. "వాల్యూమ్ లేదు", "అమ్మేవాడు లేడు", "కొనేవాడు లేడు", అంతే. రోజుకి ఐదు వేల షేర్లు చేతులు మారే చోట ఎవరో ఇరవై వేలు కొంటానని వస్తే అప్పర్ సర్క్యూట్, అంటే ఆ రోజుకి రేటు పెరగగలిగిన హద్దు, అమ్ముతానని వస్తే లోయర్ సర్క్యూట్, అంటే పడగలిగిన హద్దు. 100 రూపాయల షేర్ అలా 120కి వెళ్తే కోటి షేర్ల కంపెనీ విలువ కాగితం మీద 20 కోట్లు పెరుగుతుంది, చేతులు మారింది మాత్రం కొన్ని వేల షేర్లే. పైగా ఎక్స్ఛేంజ్ ఆ షేర్‌ని టి గ్రూపు అనే కట్టడి జాబితాలో పెడితే పొద్దున కొని సాయంత్రం అమ్మడం కుదరదు, డెలివరీ తీసుకోవాల్సిందే. నేను 2 ఏళ్ళ కింద ఇలాంటి ఒక చిన్న కంపెనీలో వరసగా తొమ్మిది రోజులు లోయర్ సర్క్యూట్లో ఇరుక్కున్నా, రోజూ పొద్దున్నే అమ్మకానికి ఆర్డర్ పెట్టేవాణ్ణి, ఒక్కటీ పోలేదు. స్క్రీన్ మీద రేటుంటుంది, ఆ రేటుకి డబ్బు చేతికి రాదు.

---

ఫ్రీ ఫ్లోట్‌ని, అంటే బజార్లో నిజంగా తిరిగే షేర్లని, "తేలే షేర్లు" అని ఒకచోట చదివాను, దయచేసి అది వద్దు, తేలు అనగానే కుట్టే తేలే గుర్తొస్తుంది. మనకి చెరువుంది కదా. మొత్తం షేర్లు చెరువులో నీళ్ళు, పొలానికి అందేది తూము వదిలినంతే. లాకిన్ అంటే తూము మూసి ఉండడం. ఐపీఓ (కంపెనీ మొదటిసారి జనానికి షేర్లు అమ్మడం) అయ్యాక యాంకర్ల (ఐపీఓకి ముందే కొనే పెద్ద సంస్థల) లాకిన్ సగానికి 30 రోజులు, మిగతా సగానికి 90 రోజులు, ఆ తేదీల్లో చిన్న షేర్ ఎందుకు ఊగుతుందో తూము అంటే మా అత్తయ్యకి కూడా అర్థమైంది. ప్రమోటర్లు 75 శాతానికి మించి ఉంచుకోకూడదనే రూల్ కూడా ఎంతోకొంత తూము తెరిచి ఉంచమనే కదా.

ఇక ప్రమోటర్లు అప్పు కోసం షేర్లు పెట్టే తాకట్టు. ఆ మాట మార్చక్కర్లేదు. మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ చిన్న కంపెనీ కాదు గానీ 2008 డిసెంబర్లో అప్పిచ్చినవాళ్ళు ప్రమోటర్ల తాకట్టు షేర్లు అమ్మేశారని తెలిసినప్పుడు హైదరాబాద్‌లో ఆ మాట ఎవరికీ విడమర్చి చెప్పాల్సిన పని రాలేదు.

---

అందరికీ చాలా థ్యాంక్స్. తూము నాన్నకి చెప్పాను, ఆయన చిన్నప్పుడు తూము దగ్గర నీటి వంతు కోసం రాత్రిళ్ళు కాపలా ఉన్నవాడు, "అయితే మన షేర్‌కి నీళ్ళు చాలడం లేదు, పలచనవడం కాదు" అన్నారు. సో డైల్యూషన్‌కి పలచన, రెండోదానికి "చలామణి తక్కువ" అని ఫిక్సయ్యాను. ఒకటి మాత్రం మిగిలింది, రివర్స్ స్ప్లిట్. అమెరికాలో ఉన్న మా బావ కొన్న చిన్న టెక్ షేర్ నాస్‌డాక్‌లో 1 డాలర్ కిందకి పడి, లిస్టింగ్ నిలబెట్టుకోడానికి పది షేర్లని ఒకటి చేశారట. కుదింపు అంటే విలువ కుదించినట్టు వినిపిస్తుంది. "కట్టకట్టడం" అందామా? కరివేపాకు రెబ్బలు కట్టకట్టినా ఆకు అంతే ఉంటుంది కాబట్టి నాకైతే నచ్చింది.

ఈ-ఓటింగ్ శుక్రవారం దాకా ఉంది. తీర్మానం నెగ్గాలంటే వ్యతిరేకించిన ఓట్లకి మూడు రెట్లు అనుకూలంగా పడాలి. నాన్న కళ్ళజోడు పెట్టుకుని నోటీసులో వారెంట్ రేటు ఏ పేజీలో ఉందో వెతుకుతున్నారు, నీళ్ళో పాలో తేలాకే ఓటేస్తారట.