అప్‌డేట్: 7 × 8, 8 × 7 ఎందుకు సమానమో మా పాపకు అర్థమైంది

"గుణకారంలో అంకెలు అటూ ఇటూ మార్చినా జవాబు ఎందుకు మారదు?" అని నాలుగో తరగతి చదివే మా పాప అడిగితే, ఎలా చెప్పాలో తెలియక ఇక్కడ అడిగాను కదండీ. గింజలు పేర్చి చూపమన్నవారికి చాలా థాంక్స్.

పళ్ళెంలో చింతగింజలు 7 వరసలు, వరసకు 8 చొప్పున పేర్చాం. పళ్ళెం పక్కకు తిప్పితే 8 వరసలు, వరసకు 7. "ఒక్క గింజ కూడా కలపలేదు, తియ్యలేదు, మరి ఎలా మారుతుంది నాన్నా!" అని తనే అంది. స్థిత్యంతర ధర్మం అన్న పేరు ఆ తర్వాతే చెప్పాను.

నిన్న 7 × 12 దగ్గర ఆగిపోయింది. వరసకు 12 పేర్చి, మధ్యలో చీపురుపుల్ల అడ్డం పెట్టాం: ఇటు పదేసి, అటు రెండేసి. 70, 14, మొత్తం 84. విభాగ న్యాయం (సంఖ్యను విడగొట్టి, విడివిడిగా గుణించి కలిపినా జవాబు అదే రావడం) నాకూ మొదటిసారి కళ్ళకు కట్టింది.

తీసివేతలో మాత్రం అంకెలు అటూ ఇటూ మారిస్తే కుదరదని 8 – 3, 3 – 8 వేసి తనే పట్టుకుంది.