150వ కీర్తనలో ‘తంబుర’ ఏ వాద్యం?

“తంబురతోను నాట్యముతోను ఆయనను స్తుతించుడి.” 150వ కీర్తన, నాలుగో వచనం. చర్చికి వెళ్లే ఇళ్లల్లో పిల్లలకు కూడా నోటికి వచ్చే మాట. ఇందులో ‘తంబుర’ దగ్గర నాకు చాలా ఏళ్లుగా ఒక చిక్కు ఉంది.

మా వరంగల్ వైపు తంబుర అంటే భుజాన వేసుకుని మీటేది. బుర్రకథ చెప్పే ఆయన చేతిలో, శారదకథ చెప్పేవాళ్ల చేతిలో చూశాం. తీగల వాద్యం. నిర్గమకాండం 15వ అధ్యాయంలో ఎర్ర సముద్రం దాటాక మోషే అక్క గురించి “మిర్యాము తంబురను చేత పట్టుకొనెను” అని చదివినప్పుడల్లా నా కళ్లకు బుర్రకథ చెప్పే ఆమే కనబడేది. తంబుర మీటుతుంటే ఆడవాళ్లంతా ఎట్లా ఆడారని సండే స్కూల్లో అడిగాను కూడా. కూర్చోమన్నారు.

హీబ్రూలో అక్కడున్న మాట ‘తోఫ్’. దానికి తీగలుండవు. గుండ్రటి చట్రానికి తోలు బిగించి చేత్తో వాయిస్తారు. పాత ఇంగ్లీషు బైబిల్లో అది టింబ్రెల్, కొత్త వాటిలో టాంబరిన్. ఆ ఉచ్చారణకు దగ్గరగా ఉందనే తెలుగులో ‘తంబుర’ వచ్చి కూర్చుందని నా నమ్మకం. పేరు కలిసింది, వాద్యం మారిపోయింది.

నన్ను నిలబెట్టేసిన సంగతి వేరే ఉంది. అరబ్బీ ‘దఫ్’, హీబ్రూ ‘తోఫ్’ అక్కాచెల్లెళ్లు. ఆ దఫ్పే పారసీకం మీదుగా ఉర్దూలోకి, మరాఠీలోకి ‘డఫ్’గా వచ్చింది. మన డప్పు కూడా ఆ వరుసలోదేనని చాలామంది అంటారు. అయితే ఆ వచనానికి మన ఊరి మాట ముందే సిద్ధంగా ఉందన్నమాట: “డప్పుతోను నాట్యముతోను ఆయనను స్తుతించుడి.” ఒకసారి పైకి చదివి చూడండి.

ఇంత పట్టుగా ఎందుకు అడుగుతున్నానంటే, మాకు దగ్గరి ఒక ఊళ్లో క్రిస్మస్ ముందురాత్రి పాటలతో ఊరంతా తిరిగాం. ముందు ఇద్దరు డప్పు వాయిస్తూ నడిచారు. చలికి తోలు మెత్తబడితే మూడుసార్లు ఆగి, గడ్డిమంట దగ్గర కాచుకుని మళ్లీ దరువు అందుకున్నారు. చర్చి గేటు దగ్గర సంఘ పెద్ద ఒకాయన చెయ్యి అడ్డం పెట్టి “ఇక చాలు, లోపల కీబోర్డు ఉంది” అన్నాడు. ఇద్దరూ డప్పులను చెప్పుల పక్కన గోడకు ఆనించి, పోయి వెనక వరుసలో కూర్చున్నారు. లోపల ఆరాధన మొదలైంది ఈ కీర్తనతోనే. ‘తంబురతోను’ అన్నప్పుడు నేను తల ఎత్తలేకపోయాను.

ఆ మాట ‘డప్పుతోను’ అని ఉంటే ఆ చెయ్యి అడ్డం వచ్చేదా? మీరేమంటారు?

వ్యాఖ్య: అన్నా, తోఫ్ చేత్తో వాయించేది అని మీరే రాశారు. డప్పుకు కుడిచేతిలో చిర్ర, ఎడమచేతిలో సిటికెన పుల్ల ఉండాలి కదా. అట్లయితే చేత్తోనే వాయించే కంజీర అనాలి. అనువాదంలో ప్రేమ కంటే కచ్చితత్వం ముఖ్యం.

జవాబు: వాయించే తీరును బట్టి చూస్తే కంజీరే దగ్గర, ఒప్పుకుంటున్నాను. కానీ పై వచనం చూడండి: “స్వరమండలముతోను సితారాతోను ఆయనను స్తుతించుడి.” హీబ్రూలో అవి నేబెల్, కిన్నోర్ అనే పాతకాలపు తీగల వాద్యాలు. దావీదు సితారా ఎరుగడు. అనువదించినవాళ్లు ఇక్కడి జనం ఎరిగిన వాద్యాల పేర్లే తెచ్చి పెట్టారు, మంచి పని చేశారు. సితారాకు ఇచ్చిన చోటు డప్పుకు ఇవ్వడానికి పుల్లలు అడ్డమా? పైగా కంజీర కచేరీలో కూర్చునే వాద్యం. మిర్యాము వెంట ఆడవాళ్లు నడుస్తూ, ఆడుతూ వెళ్లారు. మన దగ్గర జనాన్ని నడిపించేది డప్పు.

వ్యాఖ్య: తమ్ముడూ, నీ బాధ అర్థమైంది. ఒక మాట మాత్రం వినాలి. మా తాత ప్రభువును నమ్ముకున్నాక మొదట చేసిన పని డప్పు దించడం. అది దేవుడికి గిట్టదని కాదు. ఊళ్లో ఎవరు చచ్చినా, ఏ పండగొచ్చినా పిలవగానే పోయి కొట్టాలి, కూలి అడగకూడదు. వెట్టి. చర్చి మెట్టెక్కినాక ‘నేను కొట్టను’ అనే ధైర్యం వచ్చింది ఆయనకు. మళ్లీ డప్పు పట్టమంటే మా నాయనకు కోపం వస్తుంది. మీకది కళ, మాకది మెడకు కట్టిన తాడు.

జవాబు: అక్కా, దీనికి రెండు రోజులు జవాబు రాయలేకపోయాను. నేను ఆలోచించని వైపు చూపించావు. మీ తాత డప్పు దించిన రోజు కూడా ఆరాధనే అనుకుంటున్నాను. ఎవరినీ మళ్లీ పట్టమనే హక్కు నాకు లేదు. నేనడిగేది ఇష్టంతో పట్టుకున్నవాడి గురించి. అతన్ని గేటు దగ్గర ఆపితే పాత ఊరు చేసిందే మనం చేసినట్టు: బయట వాయించు, లోపలికి రాకు. కీబోర్డు అతనికి కుర్చీ వేస్తాం, శనివారం ప్రాక్టీసుకు పిలుస్తాం, దారి ఖర్చులు ఇస్తాం. డప్పు అతనికీ అవన్నీ ఉండాలి. పిలుపు ఏడాదికి ఒక్క రాత్రి ఊరేగింపుకే అయితే అది వెట్టి వాసనే కొడుతుంది, నువ్వన్నది నిజం.

మన జిల్లాల్లో ఇది కొత్త సంగతి కూడా కాదు. డోర్నకల్ కేథడ్రల్ చూసే ఉంటావు. బిషప్ అజరయ్య గారి కాలంలో కట్టి 1939లో ప్రతిష్ఠించారు. గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు, మినార్లు కలిసి ఉంటాయి. ఇక్కడి శిల్పం దేవుని ఇంటికి పనికొస్తుందని ఆ రోజుల్లోనే ఒప్పుకున్నారు. మరి దరువు పనికిరాదా?

వ్యాఖ్య: నీ జవాబు మా నాయనకు చదివి వినిపించిన. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత “కుర్చీ వేస్తరట్నా?” అని ఒక్క మాట అడిగిండు. తాత డప్పు ఇంకా అటక మీదనే ఉంది. తోలు చినిగింది కానీ చట్రం గట్టిగుంది.

జవాబు: అక్కా, తోలు బిగించే ఆయన ఒకరు మా వైపు ఉన్నారు. ఆదివారం కలిసి అడుగుతాను. నాయన సరే అంటేనే అటక మీది నుంచి దించండి.