పాత హెరాల్డ్‌కు జిప్సీ ఇంజిన్: ఇంటి దగ్గర చేసుకునే పనికి హద్దు ఎక్కడ?

వేళచ్చేరి వాసి

అందరికీ నమస్కారం. మా పెదనాన్న గారు చాలా ఏళ్లు నడిపిన 1966 నాటి రెండు తలుపుల స్టాండర్డ్ హెరాల్డ్ నిరుడు నా చేతికి వచ్చింది. మన మద్రాసులోనే తయారైన బండి, 948 సీసీ ఇంజిన్, 35 హార్స్‌పవర్‌కు లోపే. 1959లో బ్రిటన్‌లో ట్రయంఫ్ కంపెనీ హెరాల్డ్‌ను మొదట విడుదల చేసినప్పుడు సెలూన్‌తో పాటు కూపే కూడా వచ్చింది. తరవాత అదే చాసిస్ వంశంలో 1962లో స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, 1966లో ఆరు సిలిండర్ల జీటీ6 స్పోర్ట్స్ కూపే పుట్టాయి. నా బండిని ఆ దారిలోకి తీసుకురావాలని నా కోరిక.

పాత విడిభాగాల బజారు పుదుపేటలో మారుతి జిప్సీ కింగ్ ఇంజిన్ ఒకటి, ఐదు గేర్ల పెట్టెతో సహా, మంచి స్థితిలో దొరికింది. 1298 సీసీ, 80 హార్స్‌పవర్. హెరాల్డ్ బానెట్ మొత్తం ముందుకు తెరుచుకుంటుంది, గేర్‌బాక్స్ మీది కవచం బోల్టులు విప్పితే ఊడి వస్తుంది, బాడీకి విడిగా చాసిస్ ఉంది. కాబట్టి ఇంజిన్ దించడం, ఎక్కించడం మా పోర్టికోలోనే చేసుకోగలనని నా నమ్మకం. మౌంటింగులకు చాసిస్ మీద కొంత వెల్డింగ్, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ మనం కూర్చునే చోటుకూ మధ్య ఉన్న అడ్డు రేకు) దగ్గర కొంత కోత తప్పవు. వారాంతాల్లో నేనొక్కడినే చేస్తాను. ఈ పని నేను చేయవచ్చా, అసలు ఎవరైనా చేయవచ్చా అన్నది మీరు మొహమాటం లేకుండా చెప్పండి.

గిండీ లేత్

తమ్ముడూ, నేను గిండీ ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో 30 ఏళ్లు లేత్ మీద పనిచేసి రిటైరైన వాడిని. ఇంటి దగ్గర పని చేసుకోవద్దని నేను చెప్పను. హెరాల్డ్ విప్పి చూసిన మెకానిక్ ఈ ఊళ్లో ఈ రోజు ఎంతమంది ఉన్నారు? వర్క్‌షాప్ మాన్యువల్ ముందు పెట్టుకుని ఓపికగా పనిచేసే యజమాని, ఆ బండిని ఎన్నడూ చూడని షెడ్డు కంటే నయం. నాకు అభ్యంతరం మీరు ఎంచుకున్న వరుస మీద. మీరు అన్నిటికంటే చివర ముట్టుకోవలసిన దాన్ని ముందు పెట్టుకున్నారు.

ఈ బండి వెనక ఇరుసు సంగతి మీకు తెలిసే ఉంటుంది, అయినా కొత్తవారి కోసం చెబుతాను. డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) నెత్తి మీద అడ్డంగా ఒక కమాను కట్ట ఉంటుంది, దాని రెండు కొసలూ రెండు చక్రాలనూ పట్టుకుంటాయి. ఇరుసులు డిఫరెన్షియల్ పక్కన ఉన్న జాయింట్ దగ్గర మాత్రమే వంగుతాయి. వేగంగా మలుపు తిరుగుతూ భయపడి హఠాత్తుగా యాక్సిలరేటర్ వదిలేశారనుకోండి, బండి వెనక భాగం పైకి లేస్తుంది, దానితో పాటు బయటి చక్రం అడుగు లోపలికి ముడుచుకుంటుంది, టైరు తన అంచు మీద నిలబడుతుంది, అప్పుడు వెనక భాగం పక్కకు జారిపోతుంది. 35 హార్స్‌పవర్‌తో ఆ వేగం అందుకోవడమే కష్టం కనుక చాలామందికి ఇది అనుభవంలోకి రాలేదు. 80తో మీకు ప్రతి ఫ్లైఓవర్ వంపులోనూ అందుబాటులో ఉంటుంది. ఇది నా ఊహ కాదు. జీటీ6 మొదటి రకం మీద ఇదే విమర్శ వచ్చి, 1968లో రెండో రకానికి వెనక చక్రాలను కింద నుంచి పట్టి ఉంచే విష్‌బోన్లు అనే చేతులు జోడించారు. 1970 చివర వచ్చిన నాలుగో రకం స్పిట్‌ఫైర్‌కు కమాను కట్టలోనే మార్పు చేసి, పై పట్టీలు నడిమి బిగింపు మీద ఒరిగేలా అమర్చారు. మన దగ్గర హెరాల్డ్ తరవాత స్టాండర్డ్ గెజెల్ వచ్చేసరికి ఆ ఇరుసునే తీసేసి మామూలు గట్టి ఇరుసు వేశారు.

బ్రేకులు కూడా అంతే. మీ బండికి నాలుగు వైపులా డ్రమ్ములు, ఒకే సర్క్యూట్. ఒక్క రబ్బరు వాషరు చిరిగితే నాలుగు చక్రాలకూ బ్రేకు ఉండదు. స్పిట్‌ఫైర్‌కు మొదటి నుంచీ ముందు డిస్కులు ఉన్నాయి, ఆ సరంజామా హెరాల్డ్ ముందు భాగానికి బోల్టులతోనే కూర్చుంటుంది, కోత అక్కరలేదు. రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండర్ కూడా వేసుకోండి. ఇవి రెండూ చేసి, ఒక ఏడాది నడిపి, అప్పుడు ఇంజిన్ సంగతి అడగండి.

అన్నానగర్ కూపే

గిండీ అన్నయ్యా, మీ అనుభవానికి నమస్కరిస్తూనే విభేదిస్తున్నాను. ఇరుసు గురించి మీరు చెప్పినది అక్షరాలా నిజం. కానీ మీ మాట వింటే సగం మంది బండిని గుడ్డ కప్పి షెడ్డులో ఉంచేస్తారు. ఈ ఊళ్లో పాత బండ్లను తుప్పు తినేసినంతగా ప్రమాదాలు తినలేదు. నడవని బండిలోనే తేమ చేరుతుంది, బ్రేకు సిలిండర్లు పట్టేస్తాయి, ట్యాంకు లోపల పొరలు రాలతాయి. బండి బతకాలంటే మౌంట్ రోడ్డు ట్రాఫిక్‌లో మే నెల మధ్యాహ్నం కూడా నడవాలి, పొద్దున్నే పిల్లలను బడిలో దింపి రావాలి. 948 సీసీ ఇంజిన్‌కు పిస్టన్ రింగుల దగ్గర నుంచి బేరింగుల దాకా వెతుక్కోవలసిన దుస్థితిలో, ప్రతి వీధి చివరా విడిభాగాలు దొరికే ఇంజిన్ వేసుకోవడం ద్రోహమెలా అవుతుంది?

ఇంకొక మాట. సీసం కలపని పెట్రోలు 2000 నుంచి దేశమంతటా వచ్చింది. సీసం ఉన్న పెట్రోలు కోసం చేసిన పాత హెడ్డులో వాల్వు సీట్లు మెల్లగా అరిగి, వాల్వు లోపలికి దిగిపోతుంది; గట్టి సీట్లు వేయించాలి. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ పెట్రోలు. అది పాత రబ్బరు గొట్టాలనూ, పెట్రోలు పంపులోని డయాఫ్రమ్‌నూ మెత్తబరుస్తుంది. ఫ్యూయెల్ ఇంజెక్షన్ ఉన్న జిప్సీ ఇంజిన్‌కు ఈ తలనొప్పులు చాలా తక్కువ. అసలు ఇంజిన్‌ను నూనె పూసి, గుడ్డ చుట్టి, అటక మీద భద్రంగా ఉంచితే సరిపోతుంది. రేపు మీ మనవడు వెనక్కి మార్చుకోవచ్చు.

మైలాపూరు పాఠకుడు

మార్చుకోవచ్చు అన్న మాట మీదే నా అభ్యంతరం. ఫైర్‌వాల్ కోసిన తరవాత వెనక్కి మార్చడం అంటే అతుకు వేయడమే.

చట్టం సంగతి కూడా ఎవరూ ఎత్తలేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్న వాటికి భిన్నమయ్యేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే నొక్కి చెప్పింది. వేరే కంపెనీ, వేరే సామర్థ్యం ఉన్న ఇంజిన్ వేసి, పత్రంలో పాత నంబరుతోనే తిరిగితే, రేపు ఏదైనా జరిగినప్పుడు ఇన్సూరెన్సు కంపెనీ మొదట అడిగేది ఇంజిన్ నంబరే. ఎదుటి మనిషికి దెబ్బ తగిలిన కేసులో ఆ ప్రశ్న ఎదుర్కోవడం ఎంత బాధాకరమో ఆలోచించండి.

దానికి మించి, మీ బండికి ఇప్పుడు ఒక అవకాశం ఉంది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండిని వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి, కొత్త నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్ల గడువు. చాసిస్‌లో, బాడీలో, ఇంజిన్‌లో పెద్ద మార్పు చేసిన బండికి ఆ అర్హత లేదు. రోజువారీ వాడకానికి ఆ నమోదు పనికిరాదన్నది నిజమే, అందరూ ఆ దారిలో వెళ్లాలని నేను అనను. కానీ 1966 బండి చాసిస్ మీద వెల్డింగ్ టార్చి పెట్టే ముందు మీరు శాశ్వతంగా మూసేస్తున్న తలుపు ఏదో తెలిసి మూయండి.

ఆదంబాక్కం నుంచి

నేను ఇంజిన్ గురించి మాట్లాడను. ఇంటి దగ్గర ఏ పని చేయాలి, ఏది చేయకూడదు అన్న అసలు ప్రశ్నకు నా అనుభవం చెబుతాను.

ఆరేళ్ల క్రితం నా హెరాల్డ్‌ను సర్వీసుకు ఒక షెడ్డులో ఇచ్చాను. పని వచ్చిన కుర్రవాళ్లే. ముందు చక్రాల దగ్గర ఎక్కడ నిప్పిల్ కనబడితే అక్కడ గ్రీజు గన్ పెట్టి కొట్టారు, నేను పక్కనే నిలబడి సంతోషంగా చూశాను. ఈ బండికి ముందు చక్రం నిలువు లింకు కింది కొస స్క్రూ మరలాగా చెక్కి ఉంటుంది. అది ట్రునియన్ అనే కంచు దిమ్మలోకి బిగుస్తుంది, స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ మర ఆ దిమ్మలోనే తిరుగుతుంది. అక్కడ గ్రీజు పనికిరాదు. గేర్‌బాక్సులో పోసే ఈపీ 90 నూనె ఎక్కించాలి, ఎందుకంటే నూనె మరల సందుల్లోకి పాకుతుంది, గ్రీజు ద్వారం దగ్గరే గట్టిపడి మిగతా భాగాన్ని ఎండబెడుతుంది. ఎండిన చోట వాన నీరు నిలుస్తుంది.

రెండు వానాకాలాల తరవాత, మా వీధి మలుపులో, నడక వేగానికి కొంచెం ఎక్కువలో, టప్‌మని ఒక శబ్దం వచ్చి కుడి ముందు చక్రం మడ్‌గార్డు కిందికి మడుచుకుని పడిపోయింది. బానెట్ ఎత్తి, విరిగిన లింకును చేతిలోకి తీసుకుని చూశాను. విరిగిన ముఖంలో మూడొంతులు ముదురు గోధుమ రంగు తుప్పు, ఒక మూలన మాత్రం గోరంత మేర మెరిసే తెల్లని లోహం. అంటే నేను అనేక నెలలుగా ఆ గోరంత లోహం మీద నా భార్యాబిడ్డలను కూర్చోబెట్టుకుని తిరిగాను. ముందు వారమే కంచి దాకా వెళ్లి వచ్చాము.

అప్పటి నుంచి నేనే చేసుకుంటున్నాను. రెండు వైపుల లింకులూ విప్పి, మరలు కిరోసిన్‌తో కడిగి, భూతద్దంతో చూశాను. కుడి ఎడమల మరలు ఒకదానికొకటి ఎదురు దిశలో ఉంటాయి, కలిపేయకండి. నెలకొకసారి నూనె గన్‌తో కొత్త నూనె బయటికి చెమర్చే దాకా ఎక్కిస్తాను. జాకీ మీద నమ్మకం పెట్టుకోను, చాసిస్ కింద రెండు స్టాండులు పెట్టకుండా తల లోపల పెట్టను. బ్రేకు పని కూడా నేనే చేస్తాను గాని, ఒక నియమం ఉంది: బిగించిన వాడే పరీక్షించకూడదు. ప్రతి కనెక్షనూ మా పక్కింటి ఆయన, ఆయన టీవీఎస్‌లో పనిచేసిన మనిషి, పానా పెట్టి మళ్లీ చూస్తారు. అలా చూడటానికి మనిషి దొరకని రోజున బండి గేటు దాటదు. ఒంటరిగా చేస్తాను అన్న మీ మాట ఒక్కటే నన్ను కలవరపెట్టింది, ఇంజిన్ కాదు.

అన్నానగర్ కూపే

ఆదంబాక్కం గారి అనుభవం చదివి, లేచి వెళ్లి నా బండి నిప్పిళ్లు చూసి వచ్చాను. నావి గ్రీజుతోనే నిండి ఉన్నాయి. ఈ ఆదివారం విప్పుతున్నాను.

ఇంజిన్ విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు. ఒక సవరణ ఒప్పుకుంటాను: వరుస మారాలి. కమాను, బ్రేకులు, ట్రునియన్లు ముందు. డిఫరెన్షియల్, ఇరుసులు కూడా 80 హార్స్‌పవర్ కోసం తయారైనవి కావు, ఆ మాట నేను మొదట చెప్పకపోవడం పొరపాటు. మైలాపూరు గారు లేవనెత్తిన పత్రాల సంగతి ముందు ఆర్టీఓలో లిఖితపూర్వకంగా తేల్చుకోకుండా ఇంజిన్‌కు బయానా కూడా ఇవ్వకండి.

గిండీ లేత్

కరెంటు గురించి ఒక మాట చేర్చాలి, ఎందుకంటే అందరూ తేలికగా మొదలుపెట్టేది అక్కడే. పాత డైనమో ఇచ్చేది 20 ఆంపియర్లకు అటూ ఇటూ. 60 వాట్ల హాలోజన్ బల్బులు రెండు పెడితే 12 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లు వాటికే పోతాయి. పైన వైపర్లు, ఎలక్ట్రిక్ ఫ్యాను, ఫోను ఛార్జరు. వాన రాత్రి ట్రాఫిక్‌లో నిలబడితే బ్యాటరీ ఖాళీ. ఆల్టర్నేటరు వేసుకోండి, కానీ ముందు మీ బండి పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ పాజిటివ్ కొసను బాడీకి కలిపినది) అవునో కాదో చూసుకోండి. చూడకుండా ఆల్టర్నేటరు గాని ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ గాని కలిపితే క్షణంలో కాలిపోతాయి. ఇది బోల్టులతో పెట్టి బోల్టులతో తీసే మార్పు, దీనికి నా ఆశీస్సులు పూర్తిగా ఉన్నాయి.

వేళచ్చేరి వాసి

అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం రెండు ముందు చక్రాలూ స్టాండుల మీద ఎత్తి, కింది ప్లగ్గులు విప్పాను. ఎడమ వైపు నుంచి నల్లటి నూనె కారింది. పెదనాన్న గారికి సంగతి తెలుసన్నమాట. కుడి వైపు ఏమీ రాలేదు, పుల్ల పెట్టి చూస్తే పసుపు రంగు గట్టి గ్రీజు. ఆ వైపు లింకును ఇంకా విప్పలేదు, విప్పేదాకా బండి కదలదు.

పుదుపేట ఇంజిన్ అతనికి ఇప్పుడే వద్దని ఫోన్ చేశాను. ఎప్పటికీ వద్దని అనలేదు. గొట్టాలన్నీ ఇథనాల్ తట్టుకునే రకానివి మార్చి, ముందు డిస్కులు వెతికే పనిలో ఉంటాను. ఆదంబాక్కం గారూ, శనివారం మీరు గాని మీ పక్కింటి ఆయన గాని వచ్చి ఆ కుడి లింకు విప్పే వేళకు దగ్గర ఉండగలరా? టిఫిను మా ఇంట్లోనే.

ఆదంబాక్కం నుంచి

ఇద్దరం వస్తాము. కుడి వైపుది నా దగ్గర వాడని లింకు ఒకటి, కొత్త కంచు దిమ్మతో సహా ఉంది, తెస్తాను. మేము వచ్చేదాకా ఆ నట్టు మీద పానా పెట్టకండి.