నలిపిన ఉప్పు ఎక్స్‌రే గ్రాఫులో రెండు కొత్త పీక్‌లు. కొత్త ఫేజ్ (వేరే స్ఫటిక నిర్మాణం) అనుకోవచ్చా?

ఇసకపల్లి కుర్రోడు:
మా తాత ఉప్పు మళ్లలో పనిచేశాడు. ఆ సెంటిమెంటుతో డైమండ్ ఆన్విల్ సెల్‌లో (శాంపిల్‌ని రెండు వజ్రాల మధ్య నలిపే పరికరం) నా మొదటి శాంపిల్ కూడా ఉప్పే పెట్టాను. రెండు వజ్రాల మధ్య స్టీలు గ్యాస్కెట్ (పల్చటి రేకు), దానికి 150 మైక్రాన్ల రంధ్రం, అందులో మెత్తగా నూరిన ఉప్పు, ప్రెషర్ కొలవడానికి ఒక రూబీ నలుసు. స్క్రూలు తిప్పే కొద్దీ రూబీ వెలుగు 694.2 నానోమీటర్ల నుంచి 696.4కి జరిగింది, అంటే ప్రెషర్ 6 గిగాపాస్కల్స్. అయాన్ల వరసలు దగ్గరయ్యే కొద్దీ ఉప్పు పీక్‌లన్నీ బుద్ధిగా పెద్ద కోణాల వైపు జరిగాయి. కానీ 4 దాటాక రెండు కొత్తవి లేచాయి! ఉప్పు 30 దగ్గర గానీ నిర్మాణం మార్చుకోదంటారు కదా. ఆగలేక ఇంటికి ఫోన్ చేశా. "నలిగితే పొడే అవుద్ది గదరా" అన్నాడు నాయన.

ఒంగోలు అక్క:
తమ్ముడూ, ఫోన్ తొందరపడి చేశావు. అవి 2.07, 1.80 ఆంగ్‌స్ట్రాముల (వరసల మధ్య దూరం) దగ్గర ఉన్నాయా? ప్రెషర్ పెంచినా పెద్దగా కదలడం లేదా? అయితే అది నీ గ్యాస్కెట్ స్టీలే. ప్రెషర్ ఎక్కే కొద్దీ రంధ్రం కుంచించుకుపోతుంది, పక్కకీ జరుగుతుంది. ఎక్స్‌రే బీము మాత్రం పాత చోటే ఉండి అంచుని తాకుతుంది. ఇదే పీక్‌ని నేను సెమినార్లో కొత్త ఫేజ్ అని చూపించాను. వెనక వరసలోంచి ఒకాయన "అమ్మా, అది స్టీలు" అన్నారు. మంచినీళ్లు కూడా గొంతు దిగలేదు. అప్పట్నుంచి ప్రెషర్ పెంచిన ప్రతిసారీ సెల్‌ని అటూ ఇటూ, పైకీ కిందికీ జరిపి, అవతలికి ఎంత ఎక్స్‌రే వస్తోందో కొలిచి, నడిమధ్య ఎక్కడో వెతుక్కున్నాకే డేటా తీస్తా.

గూడూరోడు:
రంధ్రం ఒక పక్కకే పోతుంటే వజ్రాల ముఖాలు సమాంతరంగా లేవేమో. ఈసారి గ్యాస్కెట్ పెట్టకముందే రెండిటినీ ఆనించి మైక్రోస్కోపులో చూడు. రంగుల చారలు కనబడితే, అవి పోయేదాకా సరిచెయ్యి. ఫేజ్ మారడం చూడాలనే సరదా ఉంటే పొటాషియం క్లోరైడ్ పెట్టబ్బా, 2 దగ్గరే మారిపోద్ది. ఒక్కో అయాను చుట్టూ 6 ఉండే ఎదురు ఛార్జి అయాన్లు 8 అవుతాయి. వరికి చల్లే పొటాష్ అదే. బస్తాలోది మాత్రం తేవాకు!

ఇసకపల్లి కుర్రోడు:
అవే నంబర్లు అక్కా. రంధ్రం కోడిగుడ్డులా సాగి ఎడమకి పోయింది. బీముని దాని మధ్యకి తెస్తే రెండు పీక్‌లూ మాయం. నాయనకి ఇంకా చెప్పలేదు.